రెండు ఒత్తుల పేర్లు

ఎల్లమ్మ పేరు కొట్టగానే కంప్యూటర్ బిగుసుకుపోవడం ఆ పొద్దున అది మూడోసారి. తెర మీద బాణం కదలదు, అక్షరం పడదు. లోపలి ఫ్యాన్ మాత్రం గుయ్యిమని ఒకటే రొద.

"మల్ల ఆగిపాయెనా?" కౌంటర్ దగ్గర నుంచే అరిచాడు శివరాం. "మీ అవ్వ పేరు కొట్టకు పోరీ. మషీన్ ఖరాబ్ చేస్తవ్."

"మషీన్ ఖరాబ్ లేదు కాకా."

"మరి ఏం ఖరాబున్నది? మీ అవ్వనా?"

మనాలి బటన్ అదిమిపట్టి కంప్యూటర్‌ను ఆపేసింది. శివరాం ఆమెకు చుట్టమేమీ కాదు, గల్లీలో అందరికీ కాకాయే. బొంబాయి ఫోరస్ రోడ్డు మీద ఆయన జెరాక్స్ దుకాణంలో నాలుగేళ్లుగా ఆమె జనానికి ఫారాలు నింపిపెడుతోంది. ఆధార్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఆమె చేతిలో పడి ఆగిపోయిన ఫారం లేదు. తీరా సొంత అవ్వ ఫారం ఆగిపోయింది.

ఆ ఫారం మామూలుది కాదు. కామాటిపుర పదకొండో గల్లీలోనూ పన్నెండో గల్లీలోనూ ఉన్న తెలుగువాళ్ల చాళ్లను, అంటే ఒక్కగది ఇళ్ల వరుసలను, పడగొట్టి పెద్ద బిల్డింగు కట్టబోతున్నారు. అందులో ఇల్లు రావాలంటే అర్హుల జాబితాలో పేరుండాలి. జాబితాలో పేరుండాలంటే సర్వే ఆఫీసు వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. గడువు ఇరవై ఎనిమిదో తేదీ సాయంత్రం ఐదింటి వరకు. ఎల్లమ్మ పేరు ఎక్కకపోతే పదహారేళ్ల వయసులో పెళ్లయి వచ్చి అరవై రెండేళ్లుగా ఆమె బతుకుతున్న ఆ పదడుగుల ఖోలీ, ఆ ఒక్క గది, ఊరికే పోతుంది. అమ్మానాన్నా పోయాక మనాలిని పెంచింది ఆ ఖోలీయే, ఆ అవ్వే. వేరే చోటు ఇద్దరికీ లేదు.

మొదట దరఖాస్తును ఇంగ్లీషులో పెట్టింది. 'పేరు అద్దె పావతితో సరిపోలలేదు' అని తిరిగొచ్చింది. మరాఠీలో పెట్టింది. అదే మాటతో అదీ తిరిగొచ్చింది. పావతి అంటే రశీదే. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఆ పావతులు తీసి చూశాక మనాలికి సంగతి తెలిసింది. ఆ రోజుల్లో చాలులో అద్దెలు వసూలు చేసిన ముకాదం పాలమూరు మనిషి. ఆయనకు వచ్చిన రాత తెలుగొక్కటే, పావతులన్నీ తెలుగులోనే రాశాడు. సర్వే ఆఫీసువాళ్లు ఎవరితోనో ఆ పేర్లను ఉన్నవి ఉన్నట్టు తమ జాబితాలోకి ఎక్కించుకున్నారు. కాబట్టి దరఖాస్తులోనూ పేరు తెలుగులోనే ఉండాలి, అక్షరం పొల్లుపోకూడదు.

పావతుల కింద ఎల్లమ్మ సంతకాలున్నాయి. ప్రతి సంతకంలోనూ రెండుచోట్ల కాగితం చిరిగి ఉంది.

"ఇదేందవ్వా, చిల్లులు పడ్డయి?"

ఎల్లమ్మ సిగ్గుపడింది. "ముకాదం యేలిముద్ర వద్దన్నడు. పేరు రాయి, నేర్పిస్త అన్నడు. ల కింద ఒత్తు అన్నడు, మ కింద ఒత్తు అన్నడు. ఒత్తమంటున్నడు గావాల్ననుకొని నేను గట్టిగ ఒత్తిన. నిబ్బు విరిగిపాయె. ఒత్తు అంటే అక్షరమని ఎన్కసిరి తెలిసింది గాని, చెయ్యికి అదే అలవాటాయె."

ఇంకోరోజైతే మనాలి పడిపడి నవ్వేదే. ఆ రోజు నవ్వలేదు. తెలుగులో కొడితే కంప్యూటర్ చచ్చిపోతోంది, కొట్టకపోతే ఇల్లు పోతోంది. ఆ వెబ్‌సైటు ఒకే ఒక్క బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, వేరేదాంట్లో తెల్లకాగితమే కనిపిస్తుంది. ఫోన్‌లో అసలే రాదు. హెల్ప్‌లైన్‌కు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగుసార్లూ ఒకటే జవాబు: మీ కంప్యూటర్ పాతది, కొత్తది కొనుక్కోండి. చెప్పేవాడి గొంతులోని ఆ విసుగు ఆమెకు ఒళ్లు మండించింది. కామాటిపుర అని చెప్పగానే ఆ విసుగు ఇంకో మెట్టు ఎక్కేది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టింది. చాలులోని పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే ఆ పెట్టెలో కొట్టి చూసింది. రాధిక, వెళ్లింది. శిరీష, వెళ్లింది. మల్లయ్య, బిగుసుకుపోయింది. ఒత్తుల వల్లేమో అనుకుని రత్నాబాయి అని కొట్టింది. త కింద న ఒత్తు ఉన్నా హాయిగా వెళ్లింది. మల్లమ్మ, బిగుసుకుపోయింది. మనాలి పెన్ను కొరుకుతూ ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. ఆగిపోయిన పేర్లన్నిట్లోనూ రెండు ఒత్తులు పక్కపక్కనే ఉన్నాయి. ల్ల, మ్మ. ల్ల, య్య. అంతే తేడా.

తనతో చదువుకున్న రితేశ్ ఐరోలీలో సాఫ్ట్‌వేర్లను పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి ఫోన్ చేసింది.

"సైటుది కాదే, బ్రౌజర్‌ది తప్పు," అన్నాడు రితేశ్ అంతా విని. "ఆ పేజీల నుంచి ఒక్కొక్కటి తీసేసుకుంట పో. ఏది తీసేస్తే హ్యాంగ్ అయితలేదో చూడు. మెమరీ ఎంత తింటుందో పక్కన రాసుకో. చిన్నగ చేసి కంపెనీకి పంపు."

వారం పట్టింది. బొమ్మలు తీసేసింది, రంగులు తీసేసింది, మిగతా పెట్టెలన్నీ తీసేసింది. చివరికి పదకొండు వరుసల పేజీ మిగిలింది. అందులో ఒక పెట్టె, ఒక పేరు. తెరిచిన నిమిషంలో అది మెమరీని నాలుగు జీబీల దాకా మింగి కంప్యూటర్‌ను పడుకోబెట్టేది. శివరాం కంప్యూటర్లు మూడూ వంతులవారీగా పడుకున్నాయి. ఆయన తిట్లు ఆయన తిడుతూనే ఉన్నాడు, టీ మాత్రం ఆమెకూ ఒక గ్లాసు తెప్పిస్తూనే ఉన్నాడు.

జరుగుతున్నది ఇదీ. పేరు పొడవైతే అక్షరాలను చిన్నవి చేసి ఇముడ్చుకునే పెట్టె అది. మామూలు అక్షరం గీత మీద కూర్చుంటుంది, ఒత్తు గీత కిందికి వేలాడుతుంది. ఒక ఒత్తుంటే బ్రౌజర్ ఎలాగో సర్దుకుంటుంది. రెండు పక్కపక్కనే ఉంటే పేరు పట్టలేదనుకుని అక్షరాలను చిన్నవి చేస్తుంది, చేశాక పెట్టెలో ఖాళీ మిగిలిందనుకుని పెద్దవి చేస్తుంది, మళ్లీ పట్టలేదనుకుంటుంది. కొలిచిన ప్రతి కొలతనూ పారేయకుండా దాచుకుంటుంది. వంకర వచ్చిందని గోడను కట్టి పడగొట్టి, పడగొట్టి కట్టి, ఆ రాళ్లన్నీ అక్కడే కుప్పవేసుకునే మేస్త్రీ లాంటిదన్నమాట. కాసేపటికి నిలబడడానికి కూడా చోటుండదు.

తప్పు దొరికిందన్న సంతోషం మనాలికి ఎంతోసేపు నిలవలేదు. కాగితం మీద పేర్లు మళ్లీ చూస్తే కడుపు మండిపోయింది. ఆగిపోయిన పేర్లన్నీ ముసలివాళ్లవే. మల్లయ్య, మల్లమ్మ, ఎల్లమ్మ, ఎల్లయ్య. తమ బిడ్డల బిడ్డలకు వాళ్లు బొంబాయిలో అందరి నోళ్లూ తిరిగే పేర్లు పెట్టుకున్నారు. మనాలి, రాధిక, రాకేష్. ఆ పేర్లు ఎక్కడా ఆగవు. ఈ ఊళ్లో ఎన్ని మేడలకు ఇటుకలు మోశారో లెక్కలేని మనుషుల పేర్లు ఒక వేలెడు పెట్టెలో ఇమడలేదు. దాన్ని తయారుచేసినవాడికి ఇలాంటి పేరున్న మనిషి ఒకరుంటారన్న ఊహే రాలేదు.

బ్రౌజర్ కంపెనీకి అన్నీ వివరంగా రాసి పంపింది. పదకొండు వరుసల పేజీ, మెమరీ లెక్క, గడువు తేదీ. ఇరవై రెండో తేదీన జవాబొచ్చింది. రాసిన ఇంగ్లీషు మర్యాదగానే ఉంది. మీ నివేదికకు కృతజ్ఞతలు. కంప్యూటర్ వనరులు అయిపోయేలా చేసే లోపాలను మేము భద్రతా లోపాలుగా పరిగణించము. ఇందులో ఎవరి సమాచారమూ పోదు, ఎవరికీ హాని జరగదు. వాడుకరి ఆ ట్యాబ్ మూసేస్తే సరిపోతుంది. ప్రాధాన్యం తక్కువ.

మనాలి దాన్ని రెండుసార్లు చదివింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి, దుకాణం ముందు రోడ్డు మీద నిలబడింది.

"ఎవరికీ హాని లేదంట కాకా. మూసేస్తే అయిపోతదంట. ఎవర్ని మూసేయాలె? అవ్వనా?"

శివరాం ఆ పూట తిట్టలేదు. షట్టరు సగం దించి, "అన్నం తిని రా పో," అన్నాడు.

రితేశ్‌కు కూడా మండింది. "నువ్వు చేసిన పేజీ లింకు సర్వే ఆఫీసోళ్లకు పంపియ్యి. ఒక్కొక్కడు తెరుస్తడు, ఒక్కొక్కడి మషీన్ పడతది. అప్పుడు తెలుస్తది కొడుకులకు."

ఆ మాట ఆమెకు తీయగానే తగిలింది. లింకు ఫోన్‌లోనే ఉంది, వేలు కదిపితే చాలు. కానీ రేపు వాళ్లు ఏమంటారో ఆమెకు తెలుసు. కామాటిపురవాళ్లు వైరస్ పంపారంటారు, అదే పేపర్లో వస్తుంది, ఖోలీ సంగతి ఎవడూ అడగడు. పోనీ, ఆ పెట్టెలో కొట్టకుండానే వెబ్‌సైటు కోడ్‌లో పేరు దూర్చి ఫారం పంపే దారి కూడా రితేశ్ చెప్పాడు. రేపు దాన్ని ఫోర్జరీ అంటే ఖోలీతో పాటు అవ్వ పరువూ పోతుంది. అదీ వద్దంది.

బదులుగా ఆ వెబ్‌సైటులో ఎవరూ చదవని నియమాలు కూర్చుని చదివింది. పద్నాలుగో నియమం దగ్గర ఆగింది. ఆఫీసు సొంత యంత్రాలలోనే సాంకేతిక లోపం తలెత్తినప్పుడు తప్ప కాగితపు దరఖాస్తులు స్వీకరించబడవు. దాన్ని ప్రింటు తీసి నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది.

ఇరవై ఆరో తేదీ పొద్దున గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గరి సర్వే ఆఫీసు మెట్లు పందొమ్మిది మంది ఎక్కారు. రెండు గల్లీల్లోనూ పక్కపక్క ఒత్తుల పేర్లున్నవాళ్లలో మనాలికి తెలిసినవాళ్లు అంతే. మల్లయ్యకు ఎనభై దాటాయి, మేస్త్రీ పని మానేసి పదేళ్లయినా నడుముకు తువ్వాలు కట్టందే గడప దాటడు. ఎల్లమ్మ మనాలి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ కవర్లలో పావతులున్నాయి.

అధికారి పేరు అతుల్. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. వీళ్లను చూడగానే మరాఠీలో మొదలుపెట్టాడు.

"కాగితాలు తీసుకోం అని వందసార్లు చెప్పాం. ఆన్‌లైన్‌లోనే పెట్టాలి."

"ఆన్‌లైన్‌లో పెట్టడానికే వచ్చాం సార్," మనాలి కూడా మరాఠీలోనే అంది. "మా కంప్యూటర్ పాతదన్నారు కదా. మీ కంప్యూటర్లు కొత్తవి. ఇక్కడే నింపండి."

"మూడు వందల మంది పెట్టారు. మీకే ఎందుకు వస్తుందీ గొడవ?"

"చూద్దాం సార్. నేను ముట్టుకోను, మీవాళ్లతోనే చేయించండి. పేరు కూడా నేను చెప్పను. మీ జాబితాలో ఉన్న పేరునే తీసి పెట్టమనండి."

అతుల్ విసుగ్గా ఆపరేటర్‌ను పిలిచాడు. సపన అనే ఆ అమ్మాయి మల్లయ్య పావతి నంబరు చూసి, జాబితాలోని పేరును తీసి పెట్టెలో పెట్టింది. బాణం ఆగిపోయింది, ఫ్యాన్ గుయ్యిమంది.

"పక్క మషీన్ మీద చెయ్యి," అన్నాడు అతుల్.

పక్కది మల్లమ్మ పేరుతో ఆగింది. దాని పక్కది ఎల్లయ్య పేరుతో. ఆ గదిలో ఆరు కంప్యూటర్లున్నాయి. ఆరూ పావుగంటలో పడిపోయాయి. వెనక వరుసలో నిలబడ్డ ముసలివాళ్లకు ఏం జరుగుతోందో పూర్తిగా అర్థం కాకపోయినా, ఒక్కో తెర ఆగినప్పుడల్లా ఆ పేరుగల మనిషి తలవంచుకుంటూ వచ్చారు. మనాలికి అన్నిటికంటే ఎక్కువ మంట పుట్టించింది అదే. తప్పు చేసింది వీళ్లా?

"ఏం చేశావు నువ్వు?" అతుల్ ఆమె మీదికి వచ్చాడు. "వైరస్ తెచ్చావా? పోలీసులను పిలుస్తాను. కామాటిపుర నుంచి గుంపు కట్టుకుని వచ్చి..."

"పిలవండి!" మనాలి గొంతు గదంతా మోగింది. రెండు చేతులూ పైకెత్తి చూపింది. "మీ మషీను, మీ మనిషి, మీ జాబితా. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వీళ్లు చేసిందల్లా పేరుండడం. పోలీసులకు అదే చెప్పండి. వీళ్లకు పేర్లున్నాయి సార్, పట్టుకుపోండని చెప్పండి!"

అతుల్ ఆగిపోయిన ఆరు తెరల వంకా చూసి, చేత్తో నుదురు తుడుచుకుంటూ, తనలో తాను గొణుక్కున్నాడు.

"ఏమాయెరా దేవుడా..."

ఎల్లమ్మ చెవులు ఇంకా గట్టివే. మనాలి భుజం మీది చెయ్యి తీసేసి ముందుకొచ్చింది.

"తెలుగోనివేనా బిడ్డా? ఇప్పటిదాంక మరాఠీల గుడ్లురిమినవ్. ఏ గల్లీ మీది?"

అతుల్ సపన వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. చివరికి ముసలిదాన్ని చూడక తప్పలేదు.

"పదకొండు," అన్నాడు.

"మీ అవ్వ పేరేంది?"

అతను గొంతు తగ్గించాడు. "మల్లవ్వ."

"ఆమె అర్జ్ పెట్టినవా?"

"ఇంగ్లీష్‌ల పెట్టిన. వాపస్ వచ్చింది. కాళ్లు పడిపోయి ఇంట్లనే ఉంటది. మల్ల చూద్దమనుకున్న."

మనాలి అతని టేబుల్ మీది లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. అతను అడ్డుచెప్పలేదు. దరఖాస్తు తెరిచి, పేరు పెట్టెలో మల్లవ్వ అని కొట్టింది. ల్ల, వ్వ. అతని లాప్‌టాప్ ఆఫీసు మొత్తంలోకీ కొత్తది, కాబట్టి ఇంకో అర నిమిషం ఎక్కువ బతికింది.

"ట్యాబ్ మూసేస్తే సరిపోతదంట సార్," అంది మనాలి, ఈసారి తెలుగులో. "కంపెనీ రాసింది. ఎవరికీ హాని లేదంట. మూసేయుండ్రి."

అతుల్ మూసేయలేదు. ఆగిన తెర మీద తన అవ్వ పేరు సగం చిన్నదై, సగం పెద్దదై నిలబడిపోయింది. దాన్ని అతను చదవలేడు, తెలుగు చదవడం రాదు. అయినా చూస్తూనే ఉన్నాడు. మనాలి పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి, పద్నాలుగో నియమం మీద వేలు పెట్టి అతని ముందు పరిచింది.

ఆ తర్వాత పని గబగబా నడిచింది. ఆఫీసు యంత్రాలలో సాంకేతిక లోపం అని అతుల్ సొంత చేత్తో రాసి, ముద్ర కొట్టాడు. సపన కాగితపు ఫారాలు తెచ్చింది. ఒక్కోటి మూడు ప్రతులు, మధ్యలో కార్బన్. పందొమ్మిది మంది పేర్లూ పావతుల్లో ఉన్నవి ఉన్నట్టుగా మనాలి రాసింది. సంతకాలు ఎవరివి వాళ్లు పెట్టారు. ఎల్లమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె పెన్నును పిడికిలితో పట్టుకుని, నాలుక పళ్ల మధ్య బిగించి, అక్షరం అక్షరం దింపింది. ల కింద ఒత్తు దగ్గర బల్ల కదిలింది. మ కింద ఒత్తు దగ్గర కాగితం చిరిగింది.

"హళూ ఆజీ, మెల్లగ, కాగదం చిరుగుతది," అన్నాడు అతుల్.

"చిరగనీ. కిందిదాంక దిగాలె."

ఐదో తేదీ కల్లా జాబితా వస్తుందని చెప్పి, అందరికీ ముద్ర వేసిన మూడో ప్రతి ఇచ్చాడు. ముసలివాళ్లు దాన్ని పావతులతో పాటు కవర్లలో పెట్టుకుని మెట్ల వైపు కదిలారు. ఎల్లమ్మను పక్కన నిలబెట్టుకుని మనాలి ఇంకా టేబుల్ దగ్గరే ఉంది. కోపం దిగలేదు, దిగాలని ఆమెకూ లేదు. ఇంకో ఫారం తీసి అతుల్ ముందు పెట్టింది.

"ఇరవయ్యోది," అంది. "మీ అవ్వది. ఇవి నేను రాసిన, దీన్ని మీరు రాయుండ్రి."

"నాకు తెలుగు రాయరాదు."

మనాలి ఒక చిత్తుకాగితం మీద ఆ మూడక్షరాలు పెద్దగా రాసి అతని పక్కన పెట్టింది. అతుల్ పెన్ను తీసుకున్నాడు. మ గీశాడు. ల గీశాడు. అక్కడ ఆగి, కింద ఏముందో అర్థం కాక తలెత్తాడు.

ఎల్లమ్మ టేబుల్ మీదికి వంగి, అతని చెయ్యి మీద తన చెయ్యి వేసింది.

"ఒత్తు," అంది.